పప్పు ఉడకని నీళ్లు

"పప్పు పలుకున్నది" అన్నాడు పరమేశ్వర్, ఆదివారం మధ్యాహ్నం రెండో ముద్ద నోట్లో పెట్టుకుంటూ. పదకొండేళ్ల కాపురంలో సింధూజ వండిన పప్పు గురించి అతను నోరు విప్పడం అదే మొదటిసారి. మెత్తగా ఉడికిన రోజుల్లో దాని ఊసే ఎత్తలేదు మరి.

ఉడకదని ఆమెకు ముందే తెలుసు. నిజామాబాదులో వాళ్లుండేది రెండో అంతస్తు. వంటింటి నల్లాలో వచ్చేవి బోరునీళ్లు. గిన్నెలకు తెల్లగా సున్నం పడుతుంది, కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా కందిపప్పు కదలదు. మంచినీళ్ల నల్లా కింద గేటు పక్కన ఉంది. రోజు విడిచి రోజు, తెల్లారి ఐదింటికి వస్తుంది. అతను లేచేసరికి నిండు బిందెలు రెండూ వంటింటి మూలన ఉంటాయి, వాటంతట అవే మెట్లెక్కి వచ్చినట్టు. శనివారం నల్లా వచ్చే వేళకు సింధూజ బోధన్ బస్సులో ఉంది. ఖాళీ బిందెలు గేటు దగ్గరే ఉండిపోయాయి. వాటిని దాటుకుంటూనే వెళ్లి అతను పాల ప్యాకెట్ తెచ్చుకున్నాడు.

పర్యావరణ నివేదికలు తయారుచేసే ఒక ప్రైవేటు ఆఫీసులో ఆమెది సర్వే పని. బోధన్ అవతల, చక్కెర ఫ్యాక్టరీ మూతపడి చెరుకు పోయి వరి వచ్చిన పొలాల మీదుగా పెట్రోలు పైపులైను వేస్తామంటున్నారు. అనుమతి రావాలంటే ఆ దారిలో ఏ బావి ఉందో, ఏ వాగు ఉందో, ఏ బడి ఉందో నివేదికలో చూపాలి. ఎండలో ఊరూరా తిరిగేది సింధూజ, నివేదిక అట్ట మీద పేరు ఆఫీసు నడిపే మల్లికార్జున్ సార్‌ది. పరమేశ్వర్ దీనికి 'టైంపాస్ నౌకరి' అని ముద్దుపేరు పెట్టాడు.

ఆరు నెలల కింద ఆ దారిలోని ఒక ఊళ్లో ఆమె పట్టాదారులను అడిగి ఫారాలు నింపింది. పట్టాలన్నీ మగవాళ్ల పేరునే ఉన్నాయి. "గా పాత బాయి పాడువడ్డది మేడం, అందరికీ బోర్లే" అన్నాడు చంద్రయ్య అనే రైతు. 'వాడుకలో లేదు' అని ఆమె రాసుకుంది. ఆ మాటను నమ్ముకుని లైను బావికి ఇరవై అడుగుల దూరంలోంచి గీశారు. చంద్రయ్య అబద్ధమాడలేదు పాపం, ఆ బావిలో ఆయన ఎన్నడూ చేద వేసిన మనిషి కాదు.

శనివారం ఆ ఊళ్లోనే పైపులైను మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. షామియానా కింద మగవాళ్లంతా మాట్లాడాక చంద్రయ్య భార్య లింగవ్వ లేచి మైకు అందుకుంది. "బాయి పాడువడ్డదని ఎవలు జెప్పిండ్రు? బోరునీళ్లల్ల పప్పు ఉడుకుతదా? మా వాడల ఆడోళ్లందరం పొద్దుగాల గా బాయి నీళ్లే తెచ్చుకుంటం. మా మగోళ్లకు తినుడే ఎర్క" అన్నది. అందరూ నవ్వారు. చంద్రయ్య చెయ్యి పట్టి లాగి ఆమెను కూచోబెట్టాడు. నవ్వనిది సింధూజ ఒక్కతే. సిగ్గుతో ఆమె ప్రాణం చచ్చిపోయింది. ఇంట్లో బిందెలు మోసేది తను, ఊళ్లో నీళ్ల సంగతి అడిగింది మగవాళ్లను.

తిరుగు బస్సులోంచే సార్‌కు ఫోన్ చేసింది. పట్టాదారు సంతకం ఉంది కదా, లింగవ్వ మాటకు బావి వాడుకలో లేదనే జవాబు రాసేసి సోమవారం నివేదిక పంపుదామన్నాడాయన. "సర్వే తప్పని నువ్వే రాసిస్తే రేపు నీకు పని ఎవరిస్తరమ్మా?" అని మెత్తగా అడిగాడు కూడా. ఇంటికొచ్చి పరమేశ్వర్‌కు చెప్పబోతే, టీవీ మీంచి చూపు తిప్పకుండానే, ఊరోళ్ల బాయితో నీకేం పని, సార్ చెప్పినట్టు చెయ్యి అన్నాడు. తప్పు చేశానని చెప్పుకుందామంటే, కూచుని వినే మనిషి ఒక్కడూ లేడు. ఆ బాధ తప్పు కంటే బరువుగా ఉంది.

ఇప్పుడు అతను పప్పు పక్కకు తోసి పచ్చడి కలుపుకుంటున్నాడు. 

"మనింట్లకు మంచినీళ్లు యాడికెల్లి వస్తయి?" అని సింధూజ అడిగింది.

"యాడికెల్లి ఏంది? నల్లా తిప్పితే వస్తయి" అంటూ వంటింటి వైపు ఎడమ చెయ్యి ఊపాడు.

అతనూ అబద్ధమాడలేదు. ఆమెకు కోపం రాలేదు. ఈ ఇంట్లో ఇన్నేళ్లూ తను ఎంత ఒంటరిగా ఉందో మాత్రం తెలిసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి అదే బల్ల మీద లాప్‌టాప్ తెరిచింది. 'ఆ ఊళ్లో నేను చేసిన సర్వే తప్పు. బావి వాడుకలో ఉంది. నీళ్లు మోయని వాళ్లను అడిగి రాశాను. వాడుకలో ఉందని చెప్పినవారు: లింగవ్వ' అని రాసి కింద తన పేరు పెట్టింది. సార్‌కు పంపింది, అభిప్రాయ సేకరణ జరిపిన అధికారికి కూడా పంపింది. కాసేపటికి సార్ పేరుతో ఫోన్ మోగింది. అది మోగి మోగి ఆగేదాకా ఆమె చూస్తూ కూచుంది.

"రేపన్న పప్పు సక్కగ ఉడుకుతదా?" అన్నాడు పరమేశ్వర్, కంచం వదిలేసి లేస్తూ.

"రేపు ఐదింటికి కింద నల్లా వస్తది" అంది సింధూజ. "బిందెలు గేటు కాడనే ఉన్నయి."