జపాను సానరాయి, ఆడపడుచు అలక

లక్ష్మణమ్మకి ఆ రాయంటే ఎంత ప్రాణమో చెప్పలేం. మొగుడు దాలయ్యని కూడా అంత అపురూపంగా చూసుకోలేదు పాపం. ఓడలో వంటపని చేసే ఆమె తమ్ముడు వినోద్ జపాను రేవులో దిగినప్పుడు కొని తెచ్చిన సానరాయి అది. అక్కడి కొండలో తవ్వి తీసిందట, మిషన్లో చేసింది కాదు. లేత పసుపు రంగులో, సబ్బుబిళ్లలా నున్నగా ఉంటుంది. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి కత్తిపీట అంచుకి రుద్దిందంటే, కోనాం చేప ముల్లుతో సహా తెగాల్సిందే.

శ్రీకాకుళం చేపల బజార్లో ఆమె పక్కనే ఆడపడుచు కూర్మమ్మ కూడా చేపలు కోస్తుంది. ఇద్దరి పీటలూ ఒక్క గోనెపట్టా మీదే. ఓ ఆదివారం బేరాలు జోరుగా ఉన్న వేళ కూర్మమ్మ కత్తి మొద్దుబారి, ఓపాలి ఆ రాయిమ్మంది. లక్ష్మణమ్మ ఇవ్వలేదు. ఇవ్వకపోతే పోయె, నోరన్నా ఊరుకోవాలా వద్దా? నీ మోటు చేతుల్లో పడితే అరిగిపోతుందనేసింది, అదీ కొనేవాళ్లందరి ముందూ. కూర్మమ్మ పీట ఎత్తుకుని బజారు ఆ చివరికి పోయి కూర్చుంది.

పోతే పోయిందిలే అనుకుంది గానీ, లక్ష్మణమ్మకి తొందర్లోనే తెలిసొచ్చింది. టీకి లేస్తే గంప చూసేవాళ్లు లేరు. గీసి గీసి బేరమాడే మేష్టారు అటు తిరగ్గానే వెక్కిరించి నవ్వుకోడానికి తోడు లేదు. కూర్మమ్మ పక్కన లేని బజారు ఉప్పులేని పులుసైపోయింది. మరి తగ్గిందా? తగ్గలేదు. పైగా ఆడపడుచు ఇంటికొచ్చి పట్టుకుపోతుందేమోనని, రోజూ సాయంత్రం రాయిని పెరట్లో ఉప్పునీళ్ల తొట్టి అడుక్కి తోసేది, పొద్దున్నే తీసి ఎండబెట్టేది. నానబెట్టొద్దని తమ్ముడు చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వింటేనా! సముద్రంలో రాళ్లు పుట్టినకాడ్నుంచీ నానతన్నాయి, వాటికేటైందని దాలయ్యతో వాదించింది. కొండరాయి సంగతి వేరని ఆమెకి తట్టలేదు.

ఓ పొద్దున తొట్టిలో చెయ్యి పెట్టేసరికి రాయి పొర దగ్గర విడిపోయి, ఒకటి కాస్తా రెండు పలకలైంది. లబోదిబోమంది. తమ్ముడికి ఏ మొహం చూపించనని ఏడ్చింది. ఏడుస్తూనే ఒక పలక కత్తికి రుద్ది చూసింది. పదును ఎప్పటిలాగే ఎక్కింది. రెండోది రుద్దింది, అదీ అంతే. పక్కనే వల బాగుచేసుకుంటున్న దాలయ్య తలెత్తకుండానే, "రెండైనాయి కదే, ఇంకేటి ఏడుపు?" అన్నాడు.

ఆ మాటతో ఏడుపాగింది. బజారుకెళ్లి తిన్నగా ఆ చివరికి నడిచింది. అందరూ చూస్తుండగానే, ఆవేళ నోరు జారాను, తప్పయిపోయిందని చెప్పి, కొంగులోంచి ఒక పలక తీసి కూర్మమ్మ చేతికి అందించింది. కూర్మమ్మ చేతులు వెనక్కి లాగేసుకుంది.

"సేతికియ్యకొదినా," అంది కూర్మమ్మ. "కత్తయినా సానయినా సేతికిస్తే దెబ్బలాటొస్తాది. కింద ఎట్టు. మళ్లీ పీటెత్తుకుని ఇంత దూరం నడవనేను."