ప్రసాద్‌గారి మేడ

చినలంకపాలెంలో కొబ్బరిచెట్ల తలల కంటే ఎత్తైన ఇల్లు ఒక్కటే. అది రొయ్యల చెరువుల రైతు ఈశ్వరప్రసాద్‌గారి మూడంతస్తుల మేడ. ఆ మేడ మీద ఏడేళ్ళ క్రితం శామ్యూల్ రాజ్ ఒక ఇనప స్తంభం నిలబెట్టాడు. అవనిగడ్డ దాకా కేబుల్లో వచ్చే ఇంటర్నెట్‌ని అతను అక్కడి నుంచి గాలిలో ఈ స్తంభం మీది డిష్‌కి పంపిస్తాడు. ఇక్కడి నుంచి అది చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో నూట అరవై ఇళ్ళకి చేరుతుంది. ప్రతి ఇంటి మీదా అరచేతంత ఒక చిన్న రేడియో ఉంటుంది. అది ఈ మేడ వైపు చూస్తూ ఉండాలి. మధ్యలో ఒక్క కొబ్బరిమట్ట అడ్డమొచ్చినా లైను పోతుంది.

కేబులే వేద్దామని శామ్యూల్ మొదట్లో రెండుసార్లు ప్రయత్నించాడు. చెరువులు తవ్వే పొక్లెయిన్లు నెల తిరక్కుండా తెంపేశాయి. పంచాయతీ వాటర్ ట్యాంకు పగుళ్ళిచ్చింది, దాని మీదికి ఎవర్నీ ఎక్కనివ్వరు. చివరికి ప్రసాద్‌గారే పిలిచి, "మా మేడ మీద పెట్టుకోవయ్యా, ఊరికి పనికొస్తుంది" అన్నారు. అద్దె మాట ఎత్తితే నవ్వేశారు. ఆ రోజు శామ్యూల్ ఇంటికెళ్ళి భార్య రాజకుమారితో ఆ మంచితనం గురించి గంటసేపు చెప్పాడు.

ఏడేళ్ళ తర్వాత, మొన్న ఫిబ్రవరిలో ఒక శుక్రవారం పొద్దున, బ్యాటరీ చూసి కిందికి దిగుతుంటే ప్రసాద్‌గారు వరండాలోంచి పిలిచారు.

"కూర్చో శామ్యూలూ. కాఫీ తాగుతావా?"

"ఇప్పుడే తాగొచ్చానండీ."

"సత్యవతమ్మ కోడలికి నెట్ ఇచ్చింది నువ్వేనా?"

"అవునండీ, సుభాషిణిగారికి. గుడివాడ కోచింగ్ సెంటరు వాళ్ళకి ఇంట్లోంచే లెక్కల క్లాసులు చెప్తారు."

"లెక్కలు చెప్పుకుంటే బాగానే ఉంటుంది. ఊరి వ్యవహారాలు చెప్తోంది."

విషయం శామ్యూల్‌కి తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. ప్రసాద్‌గారి రొయ్యల చెరువులోంచి ఒక గొట్టం కాలవలోకి ఉప్పునీళ్ళు వదులుతోంది. ఆ కాలవే ఊరి మంచినీళ్ళ చెరువుకి వెళ్తుంది. సుభాషిణి దాన్ని వీడియో తీసి మచిలీపట్నంలో అధికారులకి పంపింది. గురువారం పదింటికి వీడియో కాల్లో మాట్లాడతాననీ, చెరువునీ గొట్టాన్నీ అప్పుడు చూపించమనీ ఒక అధికారి చెప్పాడు. మంచినీళ్ళ చెరువూ, ఆ గొట్టమూ సుభాషిణి వాళ్ళ పెరటి గోడ అవతలే. ఊళ్ళో ఫోన్ సిగ్నల్ మాటలకి సరిపోతుంది గానీ వీడియోకి చాలదు, దానికి మైలు దూరం నడిచి కరకట్ట ఎక్కాలి. ఆవిడకి ఉన్నదల్లా శామ్యూల్ ఇచ్చిన లైనే.

"గురువారం దాటేదాకా ఆ ఇంటికి నెట్ ఉండకూడదు" అన్నారు ప్రసాద్‌గారు.

"అలా ఎలాగండీ? ఆవిడ ఉద్యోగం..."

"నీ సామాన్లు పాడవవా ఏంటి? ఉప్పుగాలికి ఎన్ని పాడవట్లేదు!" ఆయన గొంతు పెంచలేదు. కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి మేడ వైపు చూశారు. "ఈ వేసవికి రంగులు వేయిద్దామనుకుంటున్నా. వేయిస్తే పైన ఆ ఇనుమంతా తీసెయ్యాలి. తీశాక మళ్ళీ పెట్టడం అంటే మా ఆవిడ ఒప్పుకోదు. నువ్వే ఆలోచించుకో."

శామ్యూల్ బండి తీసి కరకట్ట దాకా వచ్చి ఆగాడు. నాలుగు ఊళ్ళు కళ్ళ ముందు తిరిగాయి. రేషన్ డీలరు వేలిముద్ర మిషను, మీసేవ, పరీక్షలకి చదువుకునే పిల్లలు, ఇంట్లోనే డయాలిసిస్ చేసుకుంటూ రోజూ ఆ వివరాలు ఆస్పత్రికి వీడియోలో చెప్పే ఒక మాస్టారు. అన్నీ ఆ ఒక్క స్తంభాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. తనూ అంతే. జేబులోంచి ఫోన్ తీసి, పేర్ల వరసలో సుభాషిణి పేరు వెతికి, ఒకచోట నొక్కాడు. పేరు పక్కన పచ్చచుక్క ఎర్రగా మారింది. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు.

పావుగంటలో రాజకుమారి ఫోన్ చేసింది. కంప్లయింట్లు రాసుకునేది ఆవిడే. "చినలంకపాలెం సుభాషిణికి లైను పోయిందట. క్లాసు మధ్యలో ఉందట పాపం. దగ్గర్లోనే ఉన్నావుగా, ఒకసారి చూసిరా."

వెళ్ళకపోతే అనుమానం వస్తుంది. వెళ్ళాడు.

సుభాషిణి డాబాకి నిచ్చెన వేసి సిద్ధంగా ఉంచింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. భర్త విశాఖలో రేవులో పనిచేస్తూ నెలకోసారి వస్తాడు. "గాలి ఎక్కువగా ఉంది, జాగ్రత్త అన్నయ్యా" అంటూ నిచ్చెన కాళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. శామ్యూల్ పైకెక్కి రేడియో మరలు విప్పాడు. మళ్ళీ బిగించాడు. తీగ ఊడదీసి చూసి మళ్ళీ పెట్టాడు. ఎంతసేపు ఉంటే నిజంలా కనిపిస్తుందో అంతసేపు అక్కడే కూర్చున్నాడు. పైనుంచి మంచినీళ్ళ చెరువు కనిపిస్తోంది. ఒడ్డున తెల్లటి ఉప్పు చార కట్టి ఉంది.

"రేడియో పోయిందమ్మా. కొత్తది రావాలి" అన్నాడు దిగి.

"గురువారంలోపు వస్తుందా?"

"చూస్తాను."

ఆవిడ అత్తగారు సత్యవతమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. "ఉప్పు వెయ్యలేదు బాబూ. నీళ్ళలోనే ఉంది" అంది. వేళాకోళం కాదు, ఉన్న మాటే చెప్పింది. శామ్యూల్ అది మొత్తం తాగాడు. తాగకుండా గ్లాసు వెనక్కివ్వడం అతని వల్ల కాలేదు.

గురువారం పది దాటింది. శుక్రవారం శామ్యూల్ మేడకి వెళ్ళి, "ఇంక ఇచ్చేస్తానండీ" అన్నాడు.

"అప్పుడేనా? ఆ అధికారి వచ్చే వారానికి వాయిదా వేశాడట. ఉండనీ."

వచ్చే వారం వచ్చింది. సుభాషిణి క్లాసులు ఆగిపోయాయని కోచింగ్ సెంటరు వాళ్ళు, నేరుగా వచ్చి చెప్పమన్నారు. ఆవిడ తెల్లవారుజామున మొదటి బస్సెక్కి గుడివాడ వెళ్తోంది, చీకటిపడ్డాక తిరిగొస్తోంది. రెండేళ్ళ కూతుర్ని సత్యవతమ్మ చూసుకుంటోంది. ఒకసారి అవనిగడ్డ బస్టాండులో శామ్యూల్‌కి ఎదురుపడింది. జుట్టంతా దుమ్ము. అతన్ని చూసి నవ్వి, "రేడియో వచ్చిందా అన్నయ్యా?" అని అడిగింది. ఇంకా రాలేదన్నాడు. "ఫరవాలేదులే, నువ్వు మాత్రం ఏం చేస్తావ్" అని బస్సు వైపు పరిగెత్తింది.

ఆ మాట విన్నాక అతను ఇంట్లో పని బల్ల వైపు చూడ్డం మానేశాడు. బల్ల మీద అదే రకం కొత్త రేడియోలు మూడు ఉన్నాయి. ఫోన్ మోగితే ప్రసాద్‌గారేమోనని ఒక భయం, సుభాషిణేమోనని ఇంకో భయం. వ్యాపారం వదిలేసి ఎక్కడికైనా పోదామనుకున్నా, నలభై ఆరేళ్ళ వయసులో తనకి చేతనైంది స్తంభాలెక్కడం ఒక్కటే.

పదహారో రోజున ప్రసాద్‌గారు ఒక చిన్న కాగితం చేతిలో పెట్టారు. మూడు పేర్లున్నాయి. "వీళ్ళు కూడా ఆ అమ్మాయితో కలిసి ఫిర్యాదు మీద సంతకాలు పెట్టారు. వీళ్ళ రేడియోలు కూడా కాస్త పాడవనీ."

మూడో పేరు డయాలిసిస్ మాస్టారిది.

శామ్యూల్ ఆ సాయంత్రం ఇంటికెళ్ళి రాజకుమారికి అంతా చెప్పాడు. ఆవిడ కంప్లయింట్ల పుస్తకం ముందు పెట్టుకుని విన్నది. అరవలేదు.

"పదకొండుసార్లు రాశాను ఆ అమ్మాయి పేరు ఇందులో" అంది. "వాళ్ళత్తగారు రోజూ ఫోన్ చేస్తుంది. దిగులుపడకండి అని చెప్పి, రాత్రి ప్రార్థనలో ఆ రేడియో మాట కూడా కలుపుతున్నా. దేవుడి దగ్గర కూడా నాతో అబద్ధం ఆడించావు."

"ఏం చెయ్యను చెప్పు? స్తంభం తీసేస్తాడు."

"తీసేస్తే తీసేస్తాడు. రేపు ఇంకో కాగితం ఇస్తాడు, ఎల్లుండి ఇంకోటి. చివరికి నువ్వు నడిపేది ఇంటర్నెట్టు కాదు, ఆయన గేటు."

మర్నాడు ఆదివారం. సుభాషిణి ఇంట్లోనే ఉంటుంది. శామ్యూల్ గుమ్మంలో నిలబడి, ఫోన్‌లో ఆవిడ పేరు తెరిచి, ఎర్రచుక్కని పచ్చగా చేశాడు. లోపల రౌటరు దీపం వెలిగింది.

"రేడియో పోలేదమ్మా. నేనే ఆపాను. ప్రసాద్‌గారు ఆపమన్నారు."

సుభాషిణి బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"ఆ రోజు నిచ్చెన నేనే పట్టుకున్నాను" అంది. "పడిపోతావేమోనని."

సత్యవతమ్మకి సరిగ్గా అర్థం కాలేదు. "మరి పైకెక్కి అంతసేపు ఏం చేశావు బాబూ?"

"ఏం చెయ్యలేదమ్మా. మరలు విప్పి, మళ్ళీ బిగించాను."

ముసలావిడ మనవరాలిని ఎత్తుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"క్షమించమని అడగడానికి వచ్చావా?" అంది సుభాషిణి.

"ఏమో. చెప్పకుండా ఉండలేక వచ్చాను."

"అయితే నాకు చెప్పడం కాదు. వాయిదాలేసిన ఆ అధికారి రేపు ఫోన్ చేస్తాడు. ఆయనకి చెప్పు, నా పక్కన కూర్చుని."

శామ్యూల్ తల ఊపాడు. అక్కణ్ణించి మేడకి వెళ్ళి ఆ కాగితం ప్రసాద్‌గారి చేతికి తిరిగిచ్చేశాడు. "నా వల్ల కాదండీ" అన్నాడు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పేపరు చదువుకోవడంలో పడిపోయారు.

సోమవారం వీడియో కాల్లో సుభాషిణి చెరువు చూపించింది, గొట్టం చూపించింది. తర్వాత ఫోన్ శామ్యూల్ వైపు తిప్పింది. అతను తన పేరు, ఊరు చెప్పి, పదిహేడు రోజులు లైను ఎందుకు ఆపాడో, ఎవరు ఆపమన్నారో, కాగితంలో ఇంకో మూడు పేర్లు ఎలా రాసిచ్చారో చెప్పాడు. అధికారి రాసుకున్నాడు.

ఆ కాల్ అయిన అరగంటకి శామ్యూల్ ఫోన్‌లో నూట అరవై చుక్కలూ ఒకేసారి ఎర్రబడ్డాయి. మేడ మీద కరెంటూ, బ్యాటరీ కూడా ఆపేశారు. గేటుకి తాళం వేసి ఉంది.

తొమ్మిది రోజులు అలాగే ఉంది. రేషన్ క్యూలో జనం శామ్యూల్‌ని తిట్టారు. మీసేవ కుర్రాడు తిట్టాడు. ప్రసాద్‌గారిని ఎవరూ ఏమీ అనలేదు. కొందరు సుభాషిణి ఇంటికెళ్ళి, "ఊరందరికీ నీ మూలంగా కదమ్మా" అన్నారు. "ఉప్పునీళ్ళు తాగుతున్నది నేనొక్కదాన్నేనా?" అని ఆవిడ తలుపేసుకుంది. మాస్టారిని మాత్రం శామ్యూల్ రోజూ బండి మీద కరకట్ట దాకా తీసుకెళ్ళి ఆస్పత్రితో మాట్లాడించి తెచ్చేవాడు. ఆయన దిగేటప్పుడు రోజూ పెట్రోలు డబ్బులు ఇవ్వబోయేవాడు. అంతకంటే తిట్లే నయమనిపించేది.

ఆ తొమ్మిది రోజుల్లో శామ్యూల్ ఊరంతా వేరే చోటు కోసం తిరిగాడు. చర్చి మీదకి ఎక్కి చూశాడు, రైసుమిల్లు మీదకి ఎక్కి చూశాడు. ఎక్కడినుంచి చూసినా కొబ్బరితోటలే. సొంతంగా ఎత్తు టవరు వేయాలంటే ఆ స్తోమత అతనికి ఈ జన్మలో రాదు.

పదో రోజు చుక్కలు వాటంతటవే పచ్చబడ్డాయి. ఎందుకో తర్వాత తెలిసింది. ప్రసాద్‌గారి రొయ్యల చెరువుల దగ్గర కెమెరాలూ, నీళ్ళలో గాలి కలిపే మిషన్ల అలారమూ కూడా శామ్యూల్ లైను మీదే నడుస్తాయి. నెట్ లేని రోజుల్లో ఒక మిషను ఆగిపోయిన సంగతి తెలియక ఒక చెరువులో సగం రొయ్యలు తేలిపోయాయి. ఆయన ఎవరికీ ఏమీ చెప్పకుండా మళ్ళీ స్విచ్చి వేశారు. శామ్యూల్ వెళ్తే గేటు తీసే ఉంది. "బ్యాటరీ చూసుకో" అన్నారు, తల ఎత్తకుండా.

మచిలీపట్నం నుంచి మనుషులొచ్చి నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు. గొట్టం మూయించారు. ఈ పంటకాలానికి మూసే ఉంటుందని, తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేరని అనుకుంటున్నారు. సుభాషిణి కూతురితో గుడివాడలో ఒక గది తీసుకుంది. వెళ్ళేముందు రేడియో విప్పించి, కాగితంలో చుట్టి, రాజకుమారికి ఇచ్చి వెళ్ళింది. "అన్నయ్య వచ్చి చెప్పాడు, నిజమే. ఆ కాగితంలో ఇంకో మూడు పేర్లు లేకపోతే చెప్పేవాడా?" అని అడిగిందట. రాజకుమారి ఆ ప్రశ్నని అలాగే తెచ్చి భర్తకి చెప్పింది. అతను చుట్టిన కాగితం విప్పకుండానే ఆ రేడియోని బల్ల మీద పెట్టాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఊరు మాత్రం ఒక్కటి నేర్చుకుంది. ఇప్పుడు గాలివానకి లైను పోయినా, కోతి తీగ లాగినా, ఫోన్ చేసి మొదట అదే అడుగుతారు. "పోయిందా శామ్యూలూ, తీసేశావా?"

"పోయిందండీ" అంటాడు.

"నిజంగానా?" అని అవతల ఇంకోసారి అడుగుతారు. శామ్యూల్ బండి తాళాలు తీసుకుని చినలంకపాలెం బయల్దేరతాడు. ప్రసాద్‌గారి గేటు తోసుకుని లోపలికెళ్ళి, వరండాలో ఆయనకి నమస్కారం పెట్టి, మూడంతస్తులూ ఎక్కుతాడు.