బోథ్ నుంచి తెచ్చిన ఆకు

వెండి మందులో ఆకు కషాయం పడగానే గ్లాసంతా పాలు విరిగినట్టు తెల్లబడింది. ప్రిస్కిల్లా తల పట్టుకుంది. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అమ్మమ్మ లచ్చవ్వ లేచి నిలబడింది.

కరీంనగర్ కాలేజీలో ప్రిస్కిల్లా పరిశోధన చేస్తోంది. గడ్డి చామంతి ఆకు మరిగించిన నీళ్లను వెండి కరిగిన మందులో కలిపితే, కంటికి ఆనని వెండి రేణువులు పుట్టి, అదంతా టీ డికాషన్ రంగుకు రావాలి. ఆ రేణువులను పుండ్లకు కట్టే గుడ్డకు పట్టించాలని ఆమె ఆశ. ఆకును తన ఊరు బోథ్‌లో కోసి, ఎండబెట్టి తెచ్చేది లచ్చవ్వ. మొదటిసారి రంగు వచ్చింది. తర్వాత మూడుసార్లూ ఇదే తెలుపు. ఆమె పరిశోధనను చూసే మమతారాణి మేడం వచ్చి గ్లాసు ఎత్తి చూసింది.

"ఎక్కడ్నో ఉప్పు తగులుతున్నది మేడం. ఉప్పు తగిలితేనే వెండి గిట్ల విరుగుతది. నీళ్లు మార్చిన, గ్లాసులు మార్చిన," అంది ప్రిస్కిల్లా.

"ఎల్లుండి నీ పని చూసే కమిటీ ఉన్నది. రేపటికి రంగు రాకుంటే గీ ఆకు ఇడిచిపెట్టి వేరే పని చూసుకో," అని మేడం వెళ్లిపోయింది.

ఉప్పు! మొదటిసారి తెచ్చిన సంచిలో ఓ పురుగు కనబడితే లచ్చవ్వ సిగ్గుతో చచ్చిపోయింది. అప్పటినుంచీ కూరాకును కడిగినట్టే, దోసెడు ఉప్పు వేసిన నీళ్లలో ముంచి ఆరబెడుతోంది.

"అమ్మమ్మా, ఆకు దేంతోని కడుగుతున్నవే?"

"బాయి నీళ్లతోని బిడ్డా."

అబద్ధం కాదు, కానీ సగమే. చెబితే ఇక ఆకు తెమ్మనదేమో. ఆకు లేకపోతే పదిహేను రోజులకోసారి బస్సెక్కడానికి సాకేముంది? పెనిమిటి యెషయాను, ప్రిస్కిల్లాను కన్న కూతురు ఆరాధనను ఆమే దవాఖాన బండి ఎక్కించింది. ఇద్దరూ తిరిగి ఇల్లు చేరలేదు. తనవాళ్ల దగ్గరికి పోయి మళ్లీ వచ్చే దారి ఆమెకు ఇదొక్కటే మిగిలింది.

ప్రిస్కిల్లా గ్లాసులు కడుగుతూ మోచేత్తో కళ్లు తుడుచుకుంది. చిన్నప్పుడూ అంతే, ఏడిస్తే చప్పుడు రానిచ్చేది కాదు. లచ్చవ్వ ఇక ఆగలేకపోయింది.

"బిడ్డా, ఉప్పేసింది నేనే. పురుగొచ్చిందని ఉప్పు నీళ్లల్ల ముంచిన. ఇప్పుడు అడిగితే దాచిన."

ప్రిస్కిల్లా నోరు తెరిచింది. "నెల రోజులసంది నా పానం తిన్నవు గదనే ముసల్దానా!"

అంటూనే బయటికి ఉరికింది. గోడ పక్కనుంచి పిడికెడు గడ్డి చామంతి తెంపుకొచ్చింది. ల్యాబు నీళ్లతో కడిగి, మరిగించి, వడగట్టి, వెండి మందులో పోసి కిటికీ ఎండలో పెట్టింది. గ్లాసు తెల్లబడలేదు. మెల్లగా పసుపెక్కింది, తర్వాత గోధుమరంగుకు తిరిగింది. ప్రిస్కిల్లా ఎగిరి అమ్మమ్మను వాటేసుకుంది.

లచ్చవ్వ మాత్రం కిటికీలోంచి గోడవైపే చూస్తోంది. "గీ ఆకు గీడనే ఉండంగ, నన్నెందుకు తెమ్మంటివే?"

"ఊకె రమ్మంటే వస్తవా నువ్వు? కోళ్లున్నయంటవు, ప్రార్థన కూడిక ఉన్నదంటవు." ప్రిస్కిల్లా అమ్మమ్మ కొంగు సర్దింది. "ఇది ఉత్త పరీక్షకే. నా పుస్తకంల బోథ్ ఆకని రాసిన. అదే కావాలె. జర ఈసారి కడగకు, మట్టితోనే తే."

"మట్టితోనా? మీ మేడం చూస్తే ఏమనుకుంటది?"

"ఏమన్న అనుకోనీ."

మట్టి అంటిన ఆకు సంచిలో వేసుకొని రావడానికి లచ్చవ్వకు మనసొప్పలేదు. అయినా సరేనంది.