కుర్చీ కింద నీడ

కువైట్‌లోని మంగఫ్‌లో, ఆ కూలీల క్యాంపులో శుక్రవారమంటే మూడే పనులు: బట్టలుతుక్కోవడం, ఇంటికి ఫోన్ చేయడం, సాయంత్రం నాలుగింటికి కబడ్డీ. క్యాంపు వెనక ఇసుకలో సున్నంతో గీతలు గీసేవాళ్లు. గీత బయట కుర్చీ వేసుకుని ఎర్రన్న కూర్చునేవాడు. ఒకప్పుడు అతను కూతకెళ్తే చూడ్డానికి జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొచ్చేవి. కువైట్ వచ్చాక సబ్హాన్‌లోని గోదాములో బరువు పెట్టె కాలి మీద పడి మోకాలు పోయింది. ఎర్రన్న ఆట మానేశాడు గానీ అతని నీడ మానలేదు. పొద్దు వాలగానే కుర్చీ కింద నుంచి లేచి గీత దాటేది. జట్టులో ఒకరు తక్కువైతే దాన్నే ఆడించేవాళ్లు.

జలంధర్‌కు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు మండేది. ఊళ్లో ఎర్రన్నతో ఒకే జట్టులో ఆడినవాడు, రెండు మోకాళ్లూ బాగున్నవాడు. కువైట్‌లో ఇంతవరకు అతన్ని పట్టి ఆపిన మొనగాడు లేడు. అయినా పొగడ్తలన్నీ నీడకే. మెస్సులో కోడికాలు ఎర్రన్న పళ్లెంలోకే. చెమటోడ్చేది తనైతే పేరు కుర్చీకా అని లోలోపల ఉడికిపోయేవాడు.

మే నెలలో కబురొచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీకి కబడ్డీ కోచ్ కావాలట. ఆటల మాస్టారు రమేష్‌బాబు, కోనసీమ మనిషి, శుక్రవారం సాయంత్రం పిల్లలతో వచ్చి ఒకరిని ఎంచుకుంటాడట. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు కాలేజీ పేరు మీదికి మారుతుంది, మూటలు మోసే బతుకు ఖలాస్. జలంధర్‌కు అన్నం సయించలేదు. చివరికి మాస్టారికి ఫోన్ చేశాడు.

"సార్, సాయంత్రం మాకు డ్యూటీ పడ్డది. పగటీలి పదకొండున్నరకు రాండ్రి."

"మిట్టమధ్యాహ్నమాండీ? ఎండ కదండీ?"

"ఎండల పనిజేసెటోళ్లమే గద సార్."

ఆ వేళకు నీడ జానెడు కూడా ఉండదని జలంధర్‌కు బాగా తెలుసు.

శుక్రవారం మాస్టారు పిల్లలతో వచ్చేసరికి, అనుకున్నట్టే ఎర్రన్న నీడ అతని చెప్పుల కింద ముడుచుకుని పడుకుంది. జలంధర్ కూతకెళ్లి ముగ్గురిని ముట్టి తిరిగొచ్చాడు. రమేష్‌బాబు చప్పట్లు కొట్టాడు.

"అదరగొట్టేశారండి. ఇప్పుడది మా పిల్లలకి నేర్పండి."

జలంధర్ మళ్లీ ఆడి చూపించాడు. "గిట్ల," అన్నాడు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. ఇంకోసారి ఆడాడు. "గిట్లనే. ఇంకేమున్నది?" తన ఆటను మాటల్లో చెప్పాల్సిన అవసరం అతనికెప్పుడూ రాలేదు.

కుర్చీలోంచి ఎర్రన్న గొంతు వినిపించింది.

"జలంధరు ఎడమ మడిమ జూడుండ్రి బిడ్డా. మర్లెటప్పుడు జెరంత లేస్తది. గది లేసినప్పుడే మీరు గూడ లేపాలె. పద్దెనిమిదేండ్ల సంది జూస్తున్న, గసొంటి కాలు ఇంకొగనికి లేదు."

పిల్లలు మడిమ లేపారు. రెండోసారికే ఒకడు ముట్టి తిరిగొచ్చాడు. రమేష్‌బాబు వెళ్లి ఎర్రన్న చెయ్యి పట్టుకున్నాడు. "వచ్చే ఏడు ఇంకొకరు కావాలండి," అన్నాడు అందరితో. "ఆడేవాళ్లు కాదండి, నేర్పేవాళ్లు."

కాలు తనది, కొలువు అతనిది. జలంధర్‌కు ఏడుపొక్కటే తక్కువ. మాస్టారు వెళ్లాక కుర్చీ దగ్గరికొచ్చాడు.

"అన్నా, పగటీలి రమ్మన్నది నేనే."

"నాకెర్కే," అన్నాడు ఎర్రన్న. "నా నీడ ఎవ్వని ఆట ఆడుతదనుకున్నవ్? మోకాలు పోయినంక నా ఆట నేనే మర్శిన. అది నిన్ను జూసే నేర్సింది. నీ కాళ్లు జూస్తే నాగ్గూడ కడుపుమంటనే ఉండె తమ్మీ."



నెల తిరిగాక ఒక శుక్రవారం సాయంత్రం కాలేజీ కారొచ్చింది. ఎర్రన్న పెట్టెతో ఎక్కాడు, నీడ ఎక్కలేదు. కారు మలుపు తిరిగేదాకా ఖాళీ కుర్చీ కిందే ఉండి, తర్వాత లేచి కూతకెళ్లింది. ఇన్నేళ్లుగా దాన్ని కుళ్లుకుంటూ చూసిన జలంధర్ ఏనాడూ దాని కాళ్లకేసి చూడలేదు. ఇప్పుడు చూశాడు. వెనక్కి మర్లేటప్పుడు ఎడమ మడిమ కొంచెం లేచింది. తన ఆటను తను చూడటం అదే మొదలు. ఎంత బాగుందో అనుకున్నాడు, దాని మీద కూడా కాస్త అసూయ పడ్డాడు.

ఆ రోజు అతను బరిలోకి దిగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కొత్తగా వచ్చిన గంగులయ్యను పిలిచాడు.

"నీడ మడిమ జూడు," అన్నాడు. "గది లేసినప్పుడే నువ్వు గూడ లేపాలె."