గోడ లేని కణం

కిటికీలో కుండీకి నీళ్లు పోస్తుంటే మట్టిలో తెల్లగా ఏదో కనబడింది. కోడలు వేలితో కెలికి చూసింది. సగం కరిగిన మాత్ర! దాని పక్కనే ఇంకోటి, లోపల మరికొన్ని. అత్తగారి కాలి పుండుకు డాక్టరు రాసిన యాంటీబయాటిక్ మాత్రలవి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అత్తగారు దర్జీ. ఆ మధ్య బట్ట కత్తిరిస్తుంటే పెద్ద కత్తెర జారి పాదం మీద పడింది. చిన్న గాయమేలే అనుకుంటే చీము పట్టింది. మాత్రలు వాడుతున్నా తగ్గకపోగా వాపు చీలమండ దాకా పాకింది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చాల్సిందేనని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. ఇంట్లోవాళ్లేమో ఆ డాక్టరుకే ఏమీ తెలియదని తేల్చేశారు.

"అత్తయ్యా, ఇవేంటి?" అంటూ మట్టి అంటిన మాత్రలు చూపించింది.

అత్తగారు తడబడలేదు. "దొరికాయా? ఇంక దాచేదేముంది! నువ్వు అటు తిరగ్గానే అందులో పడేస్తున్నా."

"ఎందుకండీ?"

"క్రిముల్ని చంపే మందన్నాడుగా. మీ మామగారికీ రోగాన్ని చంపే మందనే ఎక్కించారు. జుట్టంతా ఊడింది, నోరు పూసింది, ముద్ద మింగలేకపోయారు. మనిషి పుల్లలా అయిపోయారు. చంపే మందుకి నాదేదో, పరాయిదేదో తెలుస్తుందేంటి?"

కోడలి కోపం చప్పున చల్లారింది. మామగారు క్యాన్సరుతో పోయారని వినడమే తప్ప ఆమె ఆయన్ని చూడలేదు. ఆమె హైస్కూల్లో జీవశాస్త్రం టీచరు. జంతుకణం, వృక్షకణం, బాక్టీరియా కణం బొమ్మలు ఏటా బోర్డు మీద గీసి, తేడాలు పిల్లల చేత వల్లె వేయిస్తుంది. ఆ తేడాల మీద ఒక మనిషి కాలు ఆధారపడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

బడి పక్క వీధిలోనే. హెడ్మాస్టరును అడిగి అప్పటికప్పుడు మైక్రోస్కోపు తెచ్చి, వెలుతురున్న చోట బల్ల మీద పెట్టింది. ముందు ఉల్లిపొర.

అత్తగారు ఒక కన్ను మూసి చూసింది. "ఇటుకలు పేర్చినట్టుంది."

"అది మొక్క కణం. చుట్టూ గట్టి గోడ ఉంటుంది, కణకవచం అంటాం. ఇప్పుడు మీదే చూద్దాం, నోరు తెరవండి."

పుల్లతో బుగ్గ లోపల మెల్లగా గీకి, గాజుపలక మీద రుద్ది, నీలం రంగు చుక్క వేసింది.

"ఇదేంటే, నలిగిన గుడ్డపీలికల్లా ఉన్నాయి? ఒక్కోదాని మధ్యలో బొట్టు పెట్టినట్టుందే!"

"ఆ బొట్టు కేంద్రకం. ఇవి మీ కణాలు. వీటికి గోడ లేదు, పల్చటి పొర ఒక్కటే. అందుకే అలా ముడతలు పడ్డాయి. వాటి మీద సన్నగా చుక్కలు కనబడుతున్నాయా?"

"ఆఁ, నలుసుల్లా."

"అవి బాక్టీరియా. వాటికి కేంద్రకం ఉండదు గానీ గోడ ఉంటుంది."

అత్తగారు ఉలిక్కిపడి తలెత్తింది. "నా నోట్లోనా? పొద్దున పళ్లు తోముకున్నానే!"

"అందరి నోట్లోనూ ఉంటాయి లెండి. మీ పుండులో ఉన్నవి వేరే రకం, కాకపోతే వాటికీ గోడ ఉంటుంది. ఈ మాత్ర ఆ గోడను కట్టుకోనివ్వదు. గోడ పలచబడితే నీళ్లు లోపలికి తోసుకొచ్చి క్రిమి పగిలి చస్తుంది. మీ కణాలకి అసలు గోడే లేదు, ఇంక కూల్చడానికేముంది? కాస్త కడుపులో తిప్పితే తిప్పొచ్చు, అంతే."

అత్తగారు కుండీ వైపు వేలు చూపించింది. "మరి మొక్కకీ గోడ ఉందన్నావుగా. ఇన్ని మాత్రలు పడేసినా అది నిక్షేపంలా ఉందే!"

కోడలికి నవ్వొచ్చింది. క్లాసులో ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. "గోడంటే గోడే గానీ సరుకు వేరండీ. మొక్కది సెల్యులోజు, మీరు కుట్టే నూలుబట్టలో ఉండేదే. బాక్టీరియాది వేరే అల్లిక. ఆ అల్లిక మీదే ఈ మందు పనిచేస్తుంది."

అత్తగారు మళ్లీ వంగి చాలాసేపు చూసింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"ఆయన ఒంట్లో రోగం... వీటిలో ఏది?"

"అది బయటినుంచి వచ్చిన క్రిమి కాదు, అత్తయ్యా. ఆయన సొంత కణాలే అదుపు తప్పి పెరిగాయి. వాటికీ మంచివాటికీ పెద్ద తేడా లేదు. అందుకే మందు మంచివాటినీ కొట్టింది."

"అంటే మందు తప్పు కాదన్నమాట."

"ఎవరి తప్పూ కాదు."

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచినీళ్లు పట్రా. ఆ మాత్ర కూడా."

సాయంత్రం ఇద్దరూ డాక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పారు. ఆయన గట్టిగానే కేకలేశాడు. ముందు ఇంజెక్షన్లు, ఆపైన మాత్రలు. వాపు దిగి పుండు మానింది. బొటనవేలు మాత్రం కాస్త బిగుసుకుపోయింది. ఆ కాలితోనే కుట్టుమిషను తొక్కుతూ, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ బొట్టున్న కణాల గురించి చెబుతోంది.

ఒకరోజు పక్కింటావిడ చీదుకుంటూ వచ్చింది. "పిన్నీ, నీ కాలి మాత్రలేమైనా మిగిలాయా? ఈ జలుబు వదలడం లేదు."

"మిగల్చకూడదని అన్నీ మింగాను," అంది అత్తగారు మిషను ఆపకుండా. "ఉన్నా నీకు పనికిరావు. జలుబు తెచ్చేది వైరస్సంట. దానికి గోడ కాదు కదా, సొంతంగా కణమే లేదు. వెళ్లి వేడినీళ్లు తాగి పడుకో."

లోపల కాపీలు దిద్దుతున్న కోడలు చెయ్యి ఆపింది. వైరసు పాఠం ఆమె చెప్పలేదు.

"అత్తయ్యా, ఇదెవరు చెప్పారు?"

"డాక్టర్నే అడిగా. నువ్వు బడికి పోయినప్పుడు."