అక్కను తీసేసిన వార్డు

ఉద్యోగం ఇస్తున్నామని బుల్లికి ఫోను వచ్చేసరికి అక్క ముందుగదిలో ఇస్త్రీ చేస్తోంది. ఆసుపత్రి పేరు చెవిన పడగానే పెట్టె నిలబెట్టి, స్విచ్చి కట్టేసింది.

"ఏ వార్డు?"

"మగవాళ్ళ జనరల్ వార్డు" అంది బుల్లి, గొంతు తగ్గించి.

"నన్ను గెంటేసిన చోటికే నిన్ను రమ్మన్నారా! బాగుంది. నా యూనిఫారం బీరువాలో మూలుగుతోంది, అదే కట్టుకుపో. కొత్తది కుట్టించే శ్రమ ఉండదు."

అక్కా ఒకప్పుడు నర్సే. ఆ వార్డులో ఒక ముసలాయన మంచం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. డాక్టరు పిలిస్తే వెళ్ళానని అక్క, వరండాలో ఫోన్లో కబుర్లు చెబుతోందని హెడ్ నర్సు. పెద్ద నోటి మాటే నెగ్గింది. ఆ తర్వాత ఏ ఆసుపత్రీ అక్కను గడపలోకి రానివ్వలేదు. ఇప్పుడు లాండ్రీ నుంచి మూటలు తెచ్చి ఇస్త్రీ చేసిస్తోంది. అది జరిగినప్పుడు బుల్లి నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది. చిన్నప్పట్నుంచీ ఫోను చెవి నుంచి దించని అక్క సంగతి దానికి తెలుసు. నిప్పు లేనిదే పొగ రాదులే అనుకుంది. పైకి మాత్రం ఏనాడూ అనలేదు.

చదువు అయ్యాక బుల్లి ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. అన్నిచోట్లా అనుభవం ఉందా అని అడిగారు. ఉద్యోగం ఇవ్వకుండా అనుభవం ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పినవాళ్ళు లేరు. పిలిచింది ఇదొక్కటే. సోమవారంలోగా ఏదో ఒక మాట చెప్పమన్నారు.

"ఆ గడప తొక్కితే మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు" అంది అక్క.

"ఈ గడప నీదీ కాదు, నాదీ కాదు, ఇంటి ఓనరుది. దాని సంగతి ఆయన చూసుకుంటాడు" అంది అమ్మ వంటగదిలోంచి. "దాని బతుకు దాన్ని బతకనియ్యి."

"బతకనీ. నన్ను చంపినవాళ్ళ దగ్గరే బతకనీ."

ఆ పూట ఎవరి కంచం వాళ్ళు పట్టుకుని తలో మూలా తిన్నారు. ఒప్పుకుంటే అక్క పోతుంది, వద్దంటే ఉద్యోగం పోతుంది. ఏదో ఒకటి తేల్చుకునేముందు ఆ వార్డేదో కళ్ళతో చూద్దామని, మర్నాడు పొద్దున్నే బుల్లి ఆసుపత్రికి బయల్దేరింది.

హెడ్ నర్సు గుమ్మంలోనే ఆపింది. నడుముకి తాళాల గుత్తి, మొహంలో చిరాకు.

"అచ్చం అక్క ముఖమే. నోరు కూడా అదేనా?"

"చేరేముందు వార్డు చూద్దామని వచ్చానండి."

"చూడు. సంతలో గేదెను చూసినట్టు పళ్ళు కూడా లెక్కపెట్టుకో. నిన్ను నేను ఎంచలేదు, పైవాళ్ళు ఎంచారు. అది గుర్తుంటే చాలు."

రెండు వరసల మంచాలకీ కలిపి ఒక్కతే నర్సు, బక్కపల్చని పిల్ల. ఒక చేత్తో సెలైన్ సీసా మారుస్తూ, రెండో చేత్తో పక్క మంచం ముసలాయన్ని దిగకుండా అదిమి పట్టుకుని ఉంది. ఆ మంచం పక్క కమ్మీ విరిగిపోతే పుండ్లకి కట్టే గాజుగుడ్డతో కట్టారు. ఇంతలో డాక్టరు తలుపు దగ్గర నిలబడి కేకేశాడు.

"సిస్టర్, నా కళ్ళజోడు కింద గదిలో ఉండిపోయింది. పట్రా."

"ఈయన దిగిపోతానంటున్నారు సార్, ఒక్క నిమిషం…"

"చెప్పింది వినపడలేదా?"

ఆ పిల్ల హెడ్ నర్సు వైపు చూసింది. ఆవిడ మందుల బీరువా వైపు తిరిగి, సర్దిన సీసాలనే మళ్ళీ సర్దసాగింది. పిల్ల పరుగెత్తింది.

ముసలాయన కాలు కమ్మీ దాటింది. బుల్లి ఒక్క అంగలో వెళ్ళి చంకల కింద చేతులేసి పట్టుకుంది. "వదలవే దయ్యమా" అంటూ ఆయన విదిలించిన మోచెయ్యి దాని మూతికి తగిలి పెదవి చిట్లింది. అయినా వదలకుండా ఆయన్ని పడుకోబెట్టి, దుప్పటి కప్పింది. అప్పటికి ఆ పిల్ల కళ్ళజోడుతో ఆయాసపడుతూ వచ్చింది.

"ఎక్కడ ఊరేగుతున్నావే?" హెడ్ నర్సు గొంతుకి వార్డంతా తిరిగి చూసింది. "ముసలాయన చచ్చేవాడు. ఫోన్లో ఎవడితో కబుర్లు?"

ఫోను అన్న మాటకి బుల్లి తలెత్తింది. అక్క మీద వేసిందీ ఈ నిందే. పిల్ల డాక్టరు వైపు చూసింది. ఆయన అద్దాలు తుడుచుకుంటున్నాడు.

"ఫోన్లో లేదండి" అంది బుల్లి. "డాక్టరుగారు కిందికి పంపారు. మీరు ఇక్కడే ఉన్నారు, విన్నారు."

"ఇంకా చేరనేలేదు, అప్పుడే సాక్ష్యానికొచ్చింది. ఆ రక్తం ఎక్కడికి పోతుంది?"

"చేరనండి."

"పోవే. నీకోసం ఇక్కడెవరూ ఉపవాసాలు చెయ్యట్లేదు. నువ్వు కాకపోతే ఇంకో పిల్ల."

మెట్ల దగ్గర ఆ బక్కపిల్ల వెనకాలే వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందేమో అనుకుంది బుల్లి.

"నిన్నెవరు మాట్లాడమన్నారు?" అంది ఆ పిల్ల, పళ్ళు బిగించి. "నీకేం, వెళ్ళిపోతావు. ఇక రోజూ తిట్లు తినేది నేను."

బుల్లి పెదవి మీది రక్తం తుడుచుకుని మెట్లు దిగింది.

ఇంటికొచ్చేసరికి పెదవి బూరెలా వాచింది. మూతికి ఏమైందని అక్కే ముందు అడిగింది. జరిగింది మొత్తం చెప్పి, "నువ్వు చెప్పిందే నిజం అక్కా. నా కళ్ళతో చూశాను" అంది బుల్లి.

అక్క సంతోషిస్తుందనుకుంది. అక్క మడత పెడుతున్న దుప్పటి వదిలేసింది.

"అంటే, చూసేదాకా నువ్వూ నమ్మలేదన్నమాట."

అబద్ధం ఆడొచ్చు. అమ్మ ఆడమన్నట్టు కళ్ళతో సైగ కూడా చేసింది.

"నమ్మలేదు" అంది బుల్లి.

"వాళ్ళు నమ్మలేదంటే పరాయివాళ్ళు. నువ్వెవరే?" అక్క గొంతు పెంచలేదు. "నేను తిరిగొచ్చేసరికి ఆ ముసలాయన నేల మీద పడి ఉన్నాడు. 'నేను దిగి ఉండకూడదమ్మా, నీకు మాటొస్తుంది' అన్నాడు. ఎముక విరిగినవాడు నా గురించి ఏడ్చాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. నువ్వూ నన్ను ఏమీ అడగలేదు."

ఆనాటి నుంచి అక్క బుల్లితో మాట్లాడటం మానేసింది. కొన్నాళ్ళకి ఊరి చివర వృద్ధాశ్రమంలో బుల్లికి నర్సు పని దొరికింది. మా అక్క పనిలో నాకన్నా గట్టిదని అక్కడివాళ్ళతో చెప్పి, అక్కను రమ్మన్నారని ఇంట్లో అమ్మ చేత చెప్పించింది. "దాని సిఫార్సు నాకక్కర్లేదు" అని అక్క ఒంటికాలి మీద లేచింది. తర్వాత ఎవరికీ చెప్పకుండా తనే వెళ్ళి అడిగి, చేరింది.

ఇప్పుడు బుల్లిది పగటి షిఫ్టు, అక్కది రాత్రి షిఫ్టు. ఇంట్లో ఉప్పూ నిప్పూగానే ఉన్నారు. పని అప్పగించుకునే వేళ మాత్రం మాట్లాడుకోక తప్పదు. ఎవరికి జ్వరం తగ్గిందో, ఎవరు అన్నం ముట్టలేదో, ఎవరిని కనిపెట్టి ఉండాలో బుల్లి చెబుతుంది. అక్క గోడ వైపు చూస్తూనే ప్రతి మాటా వింటుంది. నమ్మకం కుదరని చోట మళ్ళీ అడుగుతుంది. బుల్లి మళ్ళీ చెబుతుంది.