ముద్రలేసే చెయ్యి

"నీకేమ్మా! కూర్చున్న చోటికే దేశాలన్నీ నడిచొస్తాయి," అంటుంది అత్తగారు, కోడలు గిన్నెలు తోముతుంటే. వస్తాయి, నిజమే. విమానాశ్రయంలో పాస్‌పోర్టుల మీద ముద్రలేసే ఉద్యోగం మరి. ముద్ర చూసి దేశం పేరు చెప్పగలదు. కొందరిది గుండ్రం, కొందరిది మూడు మూలలు. ఒకరు కొత్త పేజీ అయితే తప్ప కొట్టరు, ఇంకొకరు ఉన్న ముద్ర నెత్తినే కొడతారు. కొన్ని చోట్ల అసలు ముద్రే లేదు, ముఖం చూసి గేటు తెరుచుకుంటుందట. ఆ యంత్రాల పని నేర్చుకోవడానికి ఆమెను పది రోజులు పొరుగు దేశం పంపుతామన్నారు పైవాళ్ళు. ఇవాళ సాయంత్రంలోగా వెళ్ళేదీ లేనిదీ చెప్పాలి.

పోయినసారి ఇలాగే పిలుపొస్తే వాళ్ళాయన కాదనలేదు పాపం. "వెళ్ళు, నేనొద్దన్నానా? అమ్మకి మందులెవరిస్తారో, పిల్లకి జడెవరేస్తారో చెప్పి మరీ వెళ్ళు," అన్నాడు పేపర్లోంచి తలెత్తకుండా. వద్దనే మాట కూడా ఆమె చేతే అనిపించాడు మహానుభావుడు. ఆయన ప్రయాణాలకు మాత్రం ఏ ప్రశ్నా ఉండదు, ఇస్త్రీ చొక్కాలు పెట్టెలోకి వాటంతటవే నడిచొస్తాయి కాబోలు.

మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. రెండు పాస్‌పోర్టులూ మొగుడి చేతిలోనే. కుటుంబమైతే మగాణ్ణి అడిగి అందరికీ వరసగా కొట్టేయడం ఆ కౌంటర్లో ఎప్పట్నుంచో ఉన్న అలవాటు. అలవాటుగానే, "మీ ఆవిడ ఏం పని మీద వచ్చారు?" అని అతన్నే అడిగింది.

"దానికేం పనండీ, నాతో వచ్చింది."

వెనకనుంచి సన్నటి గొంతు. "పాఠాలు చెప్పడానికొచ్చానండీ. కాలేజీవాళ్ళు పిలిచారు. ఆయనే నాకు తోడొచ్చారు."

మనిషి అద్దానికి అవతలే నిలబడి ఉంటే తను మొగుణ్ణి అడిగింది! ఇన్నేళ్ళలో ఎంతమంది ఆడవాళ్ళ నోళ్ళు ఇలా మూసేసిందో. ఇంట్లో తనకు జరిగేదే, సర్కారు ముద్ర కొట్టి మరీ అందరికీ పంచిపెడుతోంది. సిగ్గేసింది, ఆ వెనకే కోపమూ వచ్చింది. "క్షమించండి," అని, అడగాల్సినవన్నీ ఆవిణ్ణే అడిగి, ముందు ఆవిడకే ముద్ర వేసింది. తర్వాత లేచి పైఅధికారి గదిలోకి వెళ్ళి, పొరుగు దేశం వెళ్తానని చెప్పేసింది.

రాత్రి భోజనాల దగ్గర విషయం చెబితే, ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఎవర్నడిగి ఒప్పుకున్నావ్?"

"మనింట్లోనే ఉన్న ఒకావిణ్ణి అడిగానండీ," అంది ఆమె, తనూ కంచం ముందుకు జరుపుకుని కూర్చుంటూ. "ఇన్నాళ్ళూ తననెవరూ అడగనే లేదట. అడగ్గానే వెళ్తానంది."